ముందు చేరుకునేవాళ్లకు ముందు నేర్పండి: హైదరాబాద్ కాలేజీల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, కరస్పాండెంట్లకు, యాజమాన్య కమిటీల సభ్యులకు,

నమస్కారం.

నేను ఈ నగరంలో ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. అంతకుముందు జూనియర్ కాలేజీల్లో కూడా పనిచేశాను. ఆరోగ్యం, భద్రత మీద మన కాలేజీల్లో ఏటా ఏదో ఒక అవగాహన కార్యక్రమం జరుగుతూనే ఉంటుంది. సెమినార్ హాల్లో ఫ్లెక్సీ కడతాం. ఒక డాక్టర్‌నో పోలీసు అధికారినో పిలుస్తాం. శాలువా కప్పి, ఫొటోలు తీసి, రిపోర్టు రాసి, కాలేజీలకు గ్రేడ్ ఇచ్చే నాక్ సంస్థ కోసం ఉంచే ఫైల్లో పెడతాం. వచ్చినవాళ్లు మంచి మాటలే చెప్తారు, వాళ్లను తప్పుబట్టడానికి ఈ లేఖ రాయడం లేదు. ఆ హాల్లో ఎవరు కూర్చుంటున్నారు, ఎవరు కూర్చోవడం లేదు అన్నదే నా బాధ. ముందు వరుసల్లో అధ్యాపకులం ఉంటాం. వెనక పిల్లలుంటారు. ఆయమ్మలు బయట టీ కప్పులు సర్దుతుంటారు. ల్యాబ్ అటెండర్ మైకు వైరు పట్టుకుని నిలబడతాడు. వాచ్‌మన్ గేటు వదిలి రాకూడదు. బస్సు డ్రైవర్లు, హాస్టల్ వార్డెన్లు, మెస్ వంటవాళ్లకు అసలు ఆ కార్యక్రమం ఉందనే తెలియదు.

ప్రమాదం జరిగినప్పుడు మాత్రం అక్కడ ముందుండేది వీళ్లే. ల్యాబ్‌లో గాజు పగిలినా, మెట్ల మీద పిల్లవాడు కుప్పకూలినా, కరెంటు ప్యానెల్‌లోంచి పొగ వచ్చినా, అర్ధరాత్రి హాస్టల్ గదిలో ఒకమ్మాయి ఏడుస్తున్నా ముందు చేరేది అటెండరో, ఆయమ్మో, వాచ్‌మనో, పక్క బెంచీ విద్యార్థో. మనదాకా కబురు వచ్చేసరికి మొదటి ఐదు నిమిషాలు అయిపోతాయి. చాలాసార్లు ప్రాణం నిలబడేదీ పోయేదీ ఆ ఐదు నిమిషాల్లోనే. అందుకే మీకు నా విన్నపం ఒక్కటే. భద్రత గురించి ఉపన్యాసాలు తగ్గించండి, చేతులతో చేయించే శిక్షణ పెంచండి. ఆ శిక్షణ అందరికంటే ముందు బోధనేతర సిబ్బందికి, ఆ తర్వాత విద్యార్థులకు, ఆ తర్వాత మాకు ఇప్పించండి.

ఎందుకంటున్నానో ఒక సంఘటన చెప్తాను. ఒక కాలేజీలో ప్రాక్టికల్స్ జరుగుతున్నాయి. సాల్ట్ అనాలిసిస్ చేస్తున్న ఓ అబ్బాయి టెస్ట్ ట్యూబ్ మూతిని ఎవరూ లేని వైపు తిప్పకుండానే వేడి చేశాడు. లోపలున్న యాసిడ్ ఒక్కసారి పొంగి ఎదురుగా నిలబడ్డ అమ్మాయి కంట్లో చిందింది. ఆ అమ్మాయి కన్ను గట్టిగా మూసుకుని కేకలు పెడుతోంది. ఒకరు ఆటో పిలుద్దామన్నారు, ఒకరు రోజ్ వాటర్ వేద్దామన్నారు. ల్యాబ్ అటెండర్ ఎవరి మాటా వినలేదు. ఆ అమ్మాయిని సింకు దగ్గరికి తీసుకెళ్లి, కుళాయికి రబ్బరు ట్యూబు తగిలించి, ధార సన్నగా పెట్టాడు. పక్కనున్న అమ్మాయితో కంటి రెప్పలు విడదీసి పట్టించి, నీళ్లు ముక్కు వైపు నుంచి చెవి వైపు పారేలా తల వంచించాడు. గోడ గడియారం చూస్తూ పదిహేను నిమిషాలు దాటేదాకా వదల్లేదు. "అమ్మా, కన్ను తెరువు, తెరిచే ఉంచు" అని అంతసేపూ అదే మాట. ఆ తర్వాతే హాస్పిటల్‌కు పంపించాడు. వెంటనే అంతసేపు కడగబట్టే చూపు దక్కిందని కంటి డాక్టర్ చెప్పారు.

అతనికి ఈ పని మా చదువులు నేర్పలేదు. అంతకుముందు జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో హెల్పర్‌గా పనిచేశాడు. అక్కడ నెలనెలా ఇలాంటివి చేసి చూపించి, మళ్లీ వాళ్లతో చేయించేవాళ్లట. ఫ్యాక్టరీలో హెల్పర్‌కు దొరికిన శిక్షణ కాలేజీలో అటెండర్‌కు ఎందుకు దొరకకూడదు? పిల్లలు వందల్లో ఉండేది ఇక్కడ కదా.

ఇంకో కాలేజీలో, పరీక్ష రాస్తూ రాస్తూ ఒక అబ్బాయికి ఫిట్స్ వచ్చాయి. హాల్లో అందరూ చదువుకున్నవాళ్లే. ముందుగా జరిగింది ఏమిటంటే, ఎవరో పరుగెత్తుకెళ్లి తాళం చెవుల గుత్తి తెచ్చి అతని గుప్పిట్లో పెట్టారు. ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టబోయారు. నలుగురు కలిసి కాళ్లూ చేతులూ అదిమిపట్టారు. ఇనుముతో ఫిట్స్ ఆగవు. నోట్లో ఏం పెట్టినా పళ్లు విరగవచ్చు, ఊపిరి అందకపోవచ్చు. చేయాల్సిందల్లా చుట్టుపక్కల బెంచీలు జరపడం, తల కింద మెత్తటిదేదైనా పెట్టడం, కాలర్ వదులు చేయడం, కుదుపులు తగ్గగానే పక్కకు ఒత్తిగిలేలా పడుకోబెట్టడం, టైం చూసుకోవడం. ఐదు నిమిషాలైనా ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి. ఇది పావుగంటలో నేర్పగలిగిన విషయం. బీఎస్సీ, బీటెక్, ఎంబీఏ పాసై వెళ్తున్న పిల్లలకు కూడా ఇది తెలియకుండా మనం పంపేస్తున్నాం.

ల్యాబ్ గురించి నాకు తెలిసింది ఎక్కువ కాబట్టి ఇక్కడ కొంచెంసేపు ఆగుతాను. మన కాలేజీల్లో నేను చూసిన పెద్ద ప్రమాదం నిజానికి ల్యాబ్‌లో లేదు, బాత్రూముల్లో ఉంది. ఆయమ్మలు కడగడానికి బాత్రూం యాసిడ్ వాడతారు, అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. బ్లీచింగ్ పౌడర్ కూడా ఇస్తాం. రెండూ కలిపితే మురికి బాగా పోతుందని వాళ్ల నమ్మకం. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. కిటికీ మూసి ఉన్న చిన్న బాత్రూంలో అది ఊపిరితిత్తులను కాల్చేస్తుంది. 1915లో యుద్ధభూమిలో సైనికుల మీదికి వదిలింది కూడా ఆ వాయువునే. ఆ పాఠం పై అంతస్తులో నేను బోర్డు మీద రాసి చెప్తుంటాను. కింది అంతస్తులో అదే వాయువును పీలుస్తూ ఆయమ్మ కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతుంటుంది. "ఘాటు మేడం, కాసేపటికి పోతుంది" అంటుంది. ఆమెకు రబ్బరు గ్లౌజులు, మూసి ఉండే చెప్పులు ఇప్పించండి. "ఈ రెండూ కలపొద్దు" అనే మాట ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించండి. రెండింటినీ ఒకే అలమరలో పెట్టకుండా చూడండి.

ల్యాబ్‌లో పాటించాల్సినవి అధ్యాపకులందరికీ తెలుసు. యాసిడ్‌ను నీళ్లలో కలపాలి గానీ యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. ద్రవాలు కొలిచే గాజు గొట్టాన్ని, అంటే పిపెట్‌ను, నోటితో పీల్చకూడదు. ఈథర్, ఆల్కహాల్ సీసాలు బర్నర్ దగ్గర ఉండకూడదు. తెలిసినవే అయినా బ్యాచ్‌లో నలభై మంది పిల్లలుండి, కంటికి రక్షణగా పెట్టుకునే కళ్లద్దాలు నాలుగు జతలే ఉంటే ఏ లెక్చరర్ మాత్రం ఏం చేయగలరు? చున్నీ వేలాడుతున్నా, జుట్టు విరబోసుకున్నా, చెప్పులతో వచ్చినా "ఈ ఒక్క రోజుకు సర్దుకుందాం" అని ఊరుకుంటున్నాం, ఎందుకంటే బయటికి పంపితే అటెండెన్స్ పోతుంది. కూల్‌డ్రింక్ బాటిళ్లలో యాసిడ్ పోసి ఉంచే అలవాటు ఇంకా పోలేదు. లేబుల్ లేని బాటిల్ ఏదైనా ల్యాబ్‌లో ఉండటానికి వీల్లేదని మీరు ఆర్డర్ వేస్తే, అది అమలు చేసే బాధ్యత మేం తీసుకుంటాం. కళ్లద్దాలు మాత్రం తలకొకటి కొనిపించండి. కాలేజీ ఫీజుతో పోలిస్తే వాటి ఖర్చు చాలా తక్కువ.

ఈ అలవాట్లు ల్యాబ్ గుమ్మం దగ్గర ఆగవు. మా బీఎస్సీ పిల్లల్లో చాలామంది చదువైపోగానే బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం, జీడిమెట్ల ఫ్యాక్టరీల్లో చేరతారు. 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో యాభై మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ వార్త చూస్తున్నంతసేపూ ఆ చుట్టుపక్కల పనిచేస్తున్న పాత విద్యార్థుల నంబర్లకు ఫోన్లు చేస్తూ కూర్చున్నాను. అక్కడి యాజమాన్యాల బాధ్యత వేరే సంగతి. కానీ "ఇక్కడేదో తేడాగా ఉంది, పని ఆపుదాం" అనే ధైర్యం, ఆ జ్ఞానం పిల్లలకు మొదట మన దగ్గర రావాలి.

ఇక మంటల సంగతి. ఈ ఊళ్లో ఉంటూ దీన్ని తేలిగ్గా తీసుకునే హక్కు మనకు లేదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు చనిపోయారు. ఇరవైల్లో ఉన్న పిల్లలు, జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లు. వాళ్ల ప్రాణం తీసింది మంట కాదు, పొగ. 2025 మే 18న గుల్జార్‌హౌజ్‌లో ఒకే ఇంట్లో పదిహేడు మంది, అందులో ఎనిమిది మంది పిల్లలు. అక్కడా పొగే, బయటపడటానికి ఉన్నదీ ఇరుకు దారే. ఈ రెండు వార్తలూ చదివాక మన కాలేజీ బిల్డింగులను ఒకసారి తలుచుకోండి. చాలా జూనియర్ కాలేజీలు కింద షాపులు, పైన క్లాసులు ఉన్న కాంప్లెక్సుల్లో నడుస్తున్నాయి. మిక్స్‌డ్ ఆక్యుపెన్సీ అనే పేరుతో ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే అనుమతి పత్రం గొడవ ఏటా వస్తుంది. పిల్లల చదువు పాడవుతుందని గడువు పొడిగిస్తారు, మళ్లీ ఏడాది అదే కథ. గడువు పొడిగించడం మీ చేతుల్లో లేదు, అది ప్రభుత్వం, ఇంటర్ బోర్డు చూసుకుంటాయి. కానీ ఆ బిల్డింగులో పిల్లలు ఎలా బయటపడాలో నేర్పించడం పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నేను పనిచేసిన ఒక చోట వెనక మెట్లకు గ్రిల్ గేటు ఉండేది. పిల్లలు క్లాసు ఎగ్గొట్టి వెళ్లిపోతున్నారని దానికి తాళం వేశారు. తాళం చెవి ఆఫీసులో సూపరింటెండెంట్ గారి డ్రాయర్‌లో ఉండేది, ఆయన రాకపోతే డ్రాయర్‌కూ తాళమే. గేటు ముందు ఖాళీ ఎందుకని విరిగిన బెంచీలు పేర్చారు. నాలుగంతస్తుల పిల్లలకు మిగిలింది ముందు వైపు మెట్లొక్కటే. కరెంటు మీటర్ల ప్యానెల్ కూడా ఆ మెట్ల కిందే. అంటే మంట పుట్టడానికి ఎక్కువ అవకాశం ఉన్న చోటు, అందరూ దిగాల్సిన చోటు ఒక్కటే. ఎన్నిసార్లు చెప్పినా "పిల్లలు పారిపోతే తల్లిదండ్రులకు ఎవరు సమాధానం చెప్తారు మేడం" అనేవాళ్లు. అలాంటి గేట్లు ఈ నగరంలో ఎన్ని ఉన్నాయో ఆలోచిస్తేనే గుండె దడదడలాడుతుంది. పిల్లలు వెళ్లిపోకుండా చూడాలంటే అక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టండి. తాళం మాత్రం క్లాసులు జరుగుతున్నంతసేపూ తీసి ఉండాలి.

గోడకు తగిలించిన ఎర్ర సిలిండర్లు ప్రతి కాలేజీలో ఉన్నాయి. వాటిని చేత్తో పట్టుకున్నవాళ్లు ఎంతమంది? పిన్ను లాగాలి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టాలి, హ్యాండిల్ నొక్కి అటూ ఇటూ తిప్పాలి. మంట పైభాగానికి కొడితే లాభం లేదు. చిన్న సిలిండర్ అయితే పది పదిహేను సెకన్లలో ఖాళీ అయిపోతుంది. అందుకే తప్పు చేయడానికి టైం ఉండదు, ముందే ఒకసారి చేసి ఉండాలి. సిలిండర్ మీదున్న చిన్న మీటరులో సూది పచ్చ గీతలో లేకపోతే ఆ సిలిండర్ ఉన్నా లేనట్టే. అది చూడటం వాచ్‌మన్‌కు నేర్పితే ప్రతి నెలా ఒకటో తారీకున చూసి చెప్తాడు. కరెంటు ప్యానెల్ మంటకు నీళ్లు పోయకూడదని, ముందు మెయిన్ ఆపాలని, ఆ మెయిన్ ఎక్కడుందో కనీసం ఇద్దరు ముగ్గురికి తెలిసుండాలని వేరే చెప్పాలా? చెప్పాలి, ఎందుకంటే చాలాచోట్ల అది ఒక్క ఎలక్ట్రీషియన్‌కే తెలుసు, ఆయన వారానికోసారి వస్తాడు.

పొగ నిండినప్పుడు వంగి నడవాలి, కింద గాలి కొంత మెరుగ్గా ఉంటుంది. లిఫ్టు ఎక్కకూడదు. తలుపు తెరిచే ముందు చేతి వెనక భాగంతో తాకి వేడి చూడాలి. ఇవి పోస్టర్లలో ఉంటాయి. పోస్టర్ చదివిన పిల్లవాడు నిజంగా పొగ కమ్మితే బ్యాగు కోసం వెనక్కి వెళ్తాడు, ఫోన్‌లో వీడియో తీస్తాడు, లిఫ్టు బటన్ నొక్కుతాడు. ఒక్కసారి బెల్లు కొట్టి, బిల్డింగు మొత్తం ఖాళీ చేయించి, కింద గ్రౌండ్‌లో సెక్షన్ల వారీగా తలలు లెక్కపెడితే చాలా సంగతులు బయటపడతాయి. ఏ మూల బెల్లు వినపడదో, ఏ మెట్ల దగ్గర తోపులాట అవుతుందో, కర్రల సాయంతో నడిచే విద్యార్థిని ఎవరు దించాలో అప్పుడే తెలుస్తుంది. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఫైర్ స్టేషన్ వాళ్లు వచ్చి చేసి చూపిస్తారు. కానీ అప్పటికి ఇంటర్ పిల్లలు పరీక్షలు రాసి ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు, డిగ్రీ వాళ్లు సెమిస్టర్ టెన్షన్‌లో ఉంటారు. అందుకే మీ దగ్గర్లోని ఫైర్ స్టేషన్‌కు జూలైలోనే లెటర్ పెట్టి, కొత్త పిల్లలు చేరగానే పిలిపించండి.

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న ఒక బడి తగలబడి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ కేసు దరిమిలా 2009లో సుప్రీంకోర్టు బడుల్లో మంటలార్పే పరికరాలు ఉండాలని, వాటిని వాడటం టీచర్లకూ సిబ్బందికీ నేర్పాలని ఆదేశించింది. పరికరంతో పాటు నేర్పడం కూడా ఆ తీర్పులో ఉంది. మనం పరికరం కొని బిల్లు ఫైల్లో పెట్టి, రెండో సగం వదిలేశాం.

గుండె ఆగిపోయినప్పుడు ఏం చేయాలో ఇంకా ఎక్కువమందికి తెలియాలి. 2023 ఫిబ్రవరిలో ఆరాంఘర్ చౌరస్తాలో కుప్పకూలిన ఒకాయన ప్రాణాన్ని డ్యూటీలో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ సీపీఆర్ చేసి, అంటే ఛాతీ మీద పదేపదే నొక్కి నిలబెట్టారు. ఆ వీడియో మనందరి ఫోన్లకూ వచ్చింది. ఆ మరుసటి నెలలో ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. మన ఊళ్లోనే 2005 ఆగస్టు 15న పుట్టిన 108 సేవ ఎంత వేగంగా వచ్చినా, కూకట్‌పల్లి ట్రాఫిక్‌లోనో ఎల్బీనగర్ ట్రాఫిక్‌లోనో దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. గుండె ఆగి రక్తం అందకపోతే మెదడు నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోలేదు. ఆ ఖాళీని పూరించాల్సింది పక్కనున్న మనిషి చేతులే. ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతుకు నొక్కాలి. చదివితే సులువుగానే ఉంటుంది. బొమ్మ మీద రెండు నిమిషాలు చేసి చూస్తే తెలుస్తుంది ఎంత బలం పెట్టాలో, ఎంత త్వరగా అలసిపోతామో, పక్కనున్నవాళ్లు ఎందుకు మారుతూ ఉండాలో. మా వాచ్‌మన్ ఒకాయన అడిగిన ప్రశ్న ఇక్కడ చెప్పాలి. "నేను చెయ్యి వేశాక మనిషి పోతే నా మీద కేసు పెట్టరా మేడం?" ఈ భయం చాలామందిలో ఉంది. రోడ్డు ప్రమాద బాధితులను ఆదుకున్నవాళ్లకు 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 134ఏ సెక్షన్ రక్షణ ఇస్తోంది. క్యాంపస్ లోపల కూడా సాయం చేసినవాళ్ల వెంట యాజమాన్యం నిలబడుతుందని మీరు రాతపూర్వకంగా చెప్తే, సగం మంది చేతులు అప్పుడే ముందుకొస్తాయి.

టూర్ల విషయం. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న మన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జీ డ్యాం నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఆ బ్యాచ్ వయసు పిల్లలు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉండాల్సినవాళ్లు, పిల్లల తల్లిదండ్రులై ఉండాల్సినవాళ్లు. డ్యాం కింద నది ఎండినట్టు కనిపించినా దిగకూడదన్న మాట అప్పుడు వాళ్లకు ఎవరైనా బస్సు ఎక్కేముందే గట్టిగా చెప్పి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. టూరుకు వెళ్లే ప్రతి బ్యాచ్‌కూ ఆ చోటి ప్రమాదాలు తెలిసిన మనిషితో ఒక గంట మాట్లాడించండి. టూర్ ఏజెంట్ మీద వదిలేయకండి.

ఆరోగ్యం దగ్గరికి వస్తే, అమ్మాయిల మాట ముందు చెప్పాలి. నా క్లాసులో మధ్యాహ్నం తర్వాత ల్యాబ్‌లో కళ్లు తిరిగి పడిపోయే అమ్మాయిలు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అడిగితే పొద్దున టిఫిన్ చేయలేదంటారు, బస్సు ఆరున్నరకే వస్తుందంటారు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం కంటే ఎక్కువమందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. దానికి తోడు ఇంకో విషయం ఎవరూ పైకి మాట్లాడరు. కాలేజీ బాత్రూంలు వాడలేక చాలామంది అమ్మాయిలు పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగరు. బాటిల్ తెచ్చుకుంటారు, అలాగే నిండుగా ఇంటికి తీసుకెళ్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్లు, తలనొప్పి, నెలసరి రోజుల్లో సెలవులు, అన్నీ అక్కడి నుంచే. వీళ్లకు పౌష్టికాహారం మీద సెమినార్ పెట్టేముందు బాత్రూంలో నీళ్లు, గడియ, చెత్తడబ్బా ఉన్నాయో లేదో చూడండి. అవి ఉన్నాక తార్నాకలో మన పక్కనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ నుంచి నిపుణులను పిలుద్దాం. అప్పుడు వాళ్ల మాటకు విలువ ఉంటుంది. హాస్టళ్ల నీళ్ల ట్యాంకులు, వానాకాలంలో డాబా మీద నీళ్లు నిలిచే పాత టైర్లు, కుండీలు కూడా ఆ చూపుతోనే చూడాలి. డెంగీ సీజన్ వచ్చాక ఫాగింగ్ చేయిస్తే ఆలస్యమైనట్టే. క్యాంపస్‌లో కుక్క కరిస్తే పసుపో సున్నమో రాయకుండా పావుగంట సబ్బుతో కడిగి, అదే రోజు వ్యాక్సిన్‌కు వెళ్లాలన్నది కూడా అందరికీ తెలియాలి.

మనసుకు సంబంధించిన కష్టాల గురించి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. 2019 ఇంటర్ ఫలితాల తర్వాత ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనకు తెలుసు. 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యం మీద విద్యాసంస్థలన్నిటికీ వర్తించేలా మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ ఉండాలి. బోధన, బోధనేతర సిబ్బంది ఇద్దరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ లాంటి హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో పెద్ద అక్షరాలతో కనపడాలి. బోధనేతర సిబ్బంది అన్న మాటను దయచేసి గమనించండి. పిల్లవాడు అన్నం సరిగ్గా తినడం లేదని ముందు కనిపెట్టేది మెస్‌లో వడ్డించే మనిషి. రాత్రి రెండింటికి వరండాలో ఒంటరిగా తిరుగుతున్నాడని చూసేది వాచ్‌మన్. "ఏంరా, ఇంటికి ఫోన్ చేశావా?" అని అడిగేది ఆయమ్మ. వాళ్లకు కనిపించినదాన్ని ఎవరికి చెప్పాలో, ఆ పిల్లవాడితో ఏం మాట్లాడాలో, ఏ మాట అనకూడదో ఎవరూ చెప్పలేదు. "చదువుకోక ఈ ఏడుపేంటి" అనే మాట, "దగ్గర కూర్చో, చెప్పు నాన్నా" అనే మాట, రెండింటికీ మధ్య తేడా శిక్షణతో వస్తుంది. టెలీ మానస్ 14416 నంబర్‌కు ఎప్పుడైనా, డబ్బు కట్టకుండా, తెలుగులోనే మాట్లాడవచ్చని పిల్లలకూ సిబ్బందికీ చెప్పండి. మార్కుల లిస్టు గోడకు అంటించి ర్యాంకుల వారీగా సెక్షన్లు మార్చే పద్ధతి కూడా ఆపండి. కోర్టు దాన్నీ తప్పుపట్టింది.

లైంగిక వేధింపుల ఫిర్యాదుల కమిటీ గురించి ఒక్క మాట. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం అది ఉండాలి, చాలాచోట్ల ఉంది కూడా. అందులో ఎవరున్నారో కాంట్రాక్టు ఆయమ్మకు, ల్యాబ్ అసిస్టెంట్ అమ్మాయికి తెలుసా అని మీరే వెళ్లి అడగండి.

శిక్షణ ఎలా ఉండాలో కూడా నా అభిప్రాయం చెప్తాను. ఇంగ్లిష్ స్లైడ్లతో వద్దు. మన కాలేజీల్లో సిబ్బంది తెలుగు, ఉర్దూ, హిందీ మాట్లాడతారు, బోర్డులూ శిక్షణా ఆ భాషల్లోనే ఉండాలి. ఆదివారం రమ్మనకండి. పని గంటల్లోనే పెట్టండి, ఆ గంటల జీతం కోయకండి. సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ మనుషులు ఏజెన్సీల ద్వారా వస్తారు, కొన్ని నెలలకే మారిపోతుంటారు. అందుకే ఏడాదికోసారి సరిపోదు. సెమిస్టర్‌కోసారి పెట్టాలి, ఏజెన్సీతో ఒప్పందంలోనే ఆ షరతు రాయాలి. ఎన్ఎస్ఎస్, ఎన్‌సీసీ పిల్లలను ముందు తయారు చేస్తే, కొత్త బ్యాచ్‌లకు వాళ్లే నేర్పుతారు. చేరిన మొదటి వారంలో ఫ్రెషర్స్ పార్టీకి ముందే రెండు గంటలు దీనికి కేటాయించండి. బస్సు డ్రైవర్లను మర్చిపోవద్దు. మా పిల్లలను పొద్దున, సాయంత్రం అవుటర్ రింగ్ రోడ్డు మీద తీసుకొచ్చేది వాళ్లే. బస్సులో అగ్గి పుడితే ఎమర్జెన్సీ కిటికీ ఎలా తెరవాలో డ్రైవర్‌తో పాటు వెనక సీటు పిల్లలకూ తెలియాలి.

డబ్బు పెద్దగా ఖర్చు కాదు. టైం కావాలి, ఆ టైం ఇచ్చే అధికారం మీకే ఉంది. సిలబస్ వెనకబడుతుందని మాలో కొందరు గొణుగుతారు, నాకు తెలుసు. వాళ్లకు నచ్చజెప్పే పని నాలాంటి వాళ్లం చేస్తాం. ఈ వారంలోనే మీ బిల్డింగు వెనక మెట్లు ఒకసారి దిగి చూడండి, కాలేజీ ఆవరణలో అందరికంటే తక్కువ జీతం తీసుకునే మనిషిని పిలిచి "పొగ వస్తే ఏం చేస్తావు?" అని అడగండి. ఆమె చెప్పిన సమాధానాన్ని బట్టి శిక్షణ తేదీ వేయండి. ల్యాబ్ తరఫున, కెమిస్ట్రీ అధ్యాపకుల తరఫున ఏ కాలేజీకి కావాలన్నా వచ్చి యాసిడ్, గ్యాస్, కళ్లు కడిగే పద్ధతి చేసి చూపించడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

గౌరవంతో,
ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు,
హైదరాబాద్